మూవర్‌ను నెలల తరబడి పక్కన పెట్టేముందు ట్యాంకు నింపాలా, ఖాళీ చేయాలా?

పచ్చిక

అందరికీ నమస్కారం. పెరట్లో గడ్డి ఎదుగుదల దాదాపు ఆగిపోయింది. మళ్లీ సీజన్ మొదలయ్యేదాకా, అంటే ఓ నాలుగైదు నెలలు, మూవర్‌తో పని ఉండదు. దానితోపాటు ఒక బ్రష్ కట్టర్, ఒక చిన్న చైన్‌సా కూడా ఉన్నాయి. మూడూ పెట్రోలువే. మూవర్‌ది నాలుగు స్ట్రోకుల ఇంజిన్. మిగతా రెండూ పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే రకం.

వీటిని ఎలా దాచాలని ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ట్యాంకు అంచుదాకా నింపి పెడితే లోపల తేమ పట్టదని ఒకరంటే, చుక్క కూడా లేకుండా తీసెయ్యకపోతే జిగురు కడుతుందని ఇంకొకరు. రెండు వాదనలూ వినడానికి సబబుగానే ఉన్నాయి, కానీ రెండింటినీ ఒకేసారి పాటించలేను కదా. ఎవరైనా కారణంతో సహా చెప్పగలరా?

పానా

మీ ప్రశ్న ట్యాంకు గురించి. జబ్బు వచ్చేది మాత్రం కార్బురేటర్‌కు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగానికి. ముందు అది తేల్చుకుంటే ట్యాంకు సంగతి సులువు.

నేను చిన్న ఇంజిన్ల మరమ్మతు చేస్తాను. సీజన్ మొదట్లో "నిన్నమొన్నటిదాకా బాగానే నడిచింది, ఇప్పుడు ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు" అంటూ తెచ్చే యంత్రాల్లో ఎక్కువ వాటికి కారణం ఒక్కటే. కార్బురేటర్ కింద కొద్ది పెట్రోలు నిలిచే చిన్న గిన్నెను, అదే ఫ్లోట్ చాంబర్‌ను, బోల్టు విప్పి దించితే అడుగున లేత గోధుమరంగు పొర కనిపిస్తుంది. గోటితో గీస్తే లక్కలా సాగుతుంది. పెట్రోలు వాసన ఉండదు, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఘాటుగా ఉంటుంది. ఆ పొరే జెట్లలోకి, అంటే పెట్రోలు కొలతగా వెళ్లే సన్నటి రంధ్రాల్లోకి, చేరుతుంది. పైలట్ జెట్ రంధ్రం గుండుసూది కూడా దూరనంత సన్నంగా ఉంటుంది, కాబట్టి అది మూసుకుపోవడానికి ఎంతో జిగురు అక్కరలేదు. మెయిన్ జెట్ సగం మూసుకుపోతే మరో తంటా: చోక్ (గాలిని తగ్గించే మూత) వేసి ఉంచితేనే ఇంజిన్ నడుస్తుంది, చోక్ తీయగానే వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగిసలాడి ఆగిపోతుంది.

ఇలా ఎందుకవుతుందంటే, పెట్రోలు ఒకే పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికపాటివి ముందుగా ఆవిరైపోతాయి. చల్లటి ఇంజిన్ అంటుకోవడానికి కావలసినవి సరిగ్గా అవే. మిగిలిన వాటిలో కొన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. ట్యాంకులో లీటరు పెట్రోలు ఉంటే కార్బురేటర్ గిన్నెలో ఉండేది కాసింత, పైగా ఆ గిన్నెకు గాలి రంధ్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కాబట్టి ట్యాంకులోది ఇంకా బాగుండగానే గిన్నెలోది పాడైపోతుంది. స్టెబిలైజర్ (పెట్రోలు త్వరగా పాడవకుండా కలిపే మందు) కలపని పెట్రోలును 30 రోజులకు మించి ఉంచవద్దని తయారీదారులు రాయడానికి కారణం ఇదే.

ట్యాంకు నింపినా ఖాళీ చేసినా సరే, గిన్నెలో పాత పెట్రోలు మిగలకూడదు. నా మటుకు నేను రెండూ ఖాళీ చేస్తాను.

నిదానం

పానా గారితో సగమే ఏకీభవిస్తాను. నా జనరేటర్‌నూ, ఇనుప ట్యాంకు ఉన్న పాత మూవర్‌నూ ఏళ్లుగా నిండు ట్యాంకుతోనే దాస్తున్నాను. స్టెబిలైజర్ కలుపుతాను, అంతే. ఇప్పటిదాకా కార్బురేటర్ విప్పే పని పడలేదు.

ఇనుప ట్యాంకును ఖాళీగా పెడితే లోపలి గోడలకు తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొడి ఫిల్టర్‌లోకి, అక్కడి నుంచి జెట్‌లోకి చేరుతుంది. అప్పుడు జిగురు ఉన్నా ఒకటే, తుప్పు ఉన్నా ఒకటే. ట్యాంకు నిండుగా ఉంటే పైన గాలికి చోటు ఉండదు, ఆక్సిజన్ తక్కువ, ఆవిరయ్యేదీ తక్కువ. పైగా కార్బురేటర్‌ను పూర్తిగా ఎండబెడితే లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడి, మొదటిసారి పెట్రోలు పోయగానే కారడం మొదలుపెడతాయి.

పానా

నిదానం గారూ, మీ పద్ధతి తప్పనను. కానీ దానికి షరతులున్నాయి, జనం వాటిని వదిలేసి "నిండు ట్యాంకు" అన్న మాట ఒక్కటే పట్టుకుంటారు.

స్టెబిలైజర్‌లో ప్రధానంగా ఉండేవి ఆక్సీకరణను నెమ్మదింపజేసే రసాయనాలు. అవి తాజా పెట్రోలును తాజాగా ఉంచగలవు తప్ప, పాడైన దాన్ని బాగుచేయలేవు. రెండు నెలలుగా ట్యాంకులో ఉన్న పెట్రోలు మీద ఇంత చిలకరించి ధీమాగా ఉండేవాళ్లను చాలామందిని చూశాను. రెండోది, కలిపాక ఇంజిన్‌ను పది నిమిషాలైనా నడపాలి. లేకపోతే మందు కలిసినది ట్యాంకులోనే ఉండిపోతుంది, గిన్నెలో పాతదే మిగులుతుంది. అసలు జబ్బు గిన్నెలోనే కదా! సీసా మీద రాసిన కొలత దాటి పోసినంత మాత్రాన మేలు రెట్టింపు కాదు కూడా.

రసాయనశాల

తేమ విషయంలో ఒక చిన్న లెక్క. దీన్ని ఎవరూ వేసి చూడరు.

25 డిగ్రీల సెల్సియస్ దగ్గర తేమతో పూర్తిగా నిండిన ఒక ఘనపు మీటరు గాలిలో ఉండే నీటి ఆవిరి సుమారు 23 గ్రాములు. అంటే లీటరు గాలిలో 23 మిల్లీగ్రాములు. మూవర్ ట్యాంకు ఒక లీటరుదనుకుందాం. అది పూర్తిగా ఖాళీగా ఉండి, లోపలి ఆవిరి మొత్తం నీరుగా మారినా ఒక చుక్క కూడా కాదు. పగలు వేడెక్కి గాలి బయటికి పోవడం, రాత్రి చల్లబడి కొత్త గాలి లోపలికి రావడం నెలల తరబడి సాగుతుంది కాబట్టి కొంత పోగవుతుంది, నిజమే. అయినా చిన్న ప్లాస్టిక్ ట్యాంకులో "నీరు చేరుతుంది" అన్న భయానికి పేరున్నంతగా బలం లేదు. ఇనుప ట్యాంకు సంగతి వేరు. తుప్పు మొదలవడానికి గోడ మీద పల్చటి తడి చాలు. కాబట్టి నిదానం గారి వాదన ఆయన యంత్రాలకు సరిపోతుంది.

అసలు నీటి సమస్య ఇథనాల్ కలిసిన పెట్రోలుతో వస్తుంది. ఇథనాల్‌కు నీరంటే ప్రీతి. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు, అంటే ఈ10, మామూలు ఉష్ణోగ్రత వద్ద సుమారు అర శాతం నీటిని తనలో కరిగించుకోగలదు. లీటరుకు 5 మి.లీ. లాగా. ఆ హద్దు దాటినా, లేదా హద్దుకు దగ్గరలో ఉండగా బాగా చల్లబడినా, ఇథనాల్‌ను వెంటబెట్టుకుని నీరు అడుగుకు దిగిపోతుంది. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్, అంటే వేళకు ముందే అంటుకోకుండా నిలిచే గుణం, తగ్గుతుంది. ఇంజిన్ ఇంధనం తీసుకునేది మాత్రం అడుగు నుంచే! ఇలా విడిపోయినదాన్ని ఏ స్టెబిలైజరూ మళ్లీ కలపలేదు. కార్బురేటర్ గిన్నెలో అప్పుడప్పుడు తెల్లటి సున్నం లాంటి పొడి కనిపిస్తుంది, పానా గారు చూసే ఉంటారు. జింకు, అల్యూమినియం ఆ తడికి తిని పోగా మిగిలే పొడి అది.

చిన్న ఇంజిన్లలో అత్యధికం ఈ10 వరకే తట్టుకునేలా తయారవుతాయి. అంతకన్నా ఎక్కువ ఇథనాల్ ఉన్నది పోసేముందు యంత్రంతో ఇచ్చిన పుస్తకం చూడండి. పాత యంత్రాలలోని గొట్టాలు, గాస్కెట్లు దానికి ఉబ్బుతాయి, మెత్తబడతాయి.

పానా

ఆ తెల్లపొడి చూడకపోవడమా! జిగురునైనా కార్బురేటర్ క్లీనర్‌తో వదిలించవచ్చు. ఆ పొడి పట్టి లోహం గుంటలు పడితే కొత్త కార్బురేటర్ వేయడమే.

పచ్చిక

వివరాలకు ధన్యవాదాలు. నా మూవర్‌ది ప్లాస్టిక్ ట్యాంకు, పోసేది ఈ10. అంటే ఖాళీ చేయడమే మేలనుకుంటున్నాను. కానీ దీనికి పెట్రోల్ ట్యాప్ లేదు. ట్యాంకు నుంచి గొట్టం సూటిగా కార్బురేటర్‌కే వెళుతుంది. యంత్రాన్ని వంచి పోసేయవచ్చా?

గడ్డిపరక

వంచడం దేనికి, చిన్న గొట్టం పెట్టి నోటితో ఒకసారి పీల్చి డబ్బాలోకి వదిలితే రెండు నిమిషాల పని.

పానా

గడ్డిపరక గారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. నోటితో లాగేటప్పుడు గుక్కెడు కడుపులోకి పోవడం కన్నా రెండు చుక్కలు ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం. లోపల పల్చగా పరుచుకుని వాపు తెస్తుంది. అందుకే పెట్రోలు మింగినవాళ్లకు వాంతి చేయించకూడదని, సూటిగా ఆసుపత్రికి తీసుకుపోవాలని చెబుతారు. చేత్తో నొక్కే రబ్బరు పంపులు దొరుకుతాయి. అదీ లేకపోతే పెద్ద సిరంజికి గొట్టం తొడిగినా పని జరుగుతుంది.

పచ్చిక గారూ, వంచి పోయవద్దు. ఏ వైపు పడితే ఆ వైపు వంచితే క్రాంక్‌కేసులోని (ఇంజిన్ అడుగు పెట్టెలోని) ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి, సైలెన్సర్‌లోకి దిగుతుంది. అడుగు శుభ్రం చేయడానికి వంచినప్పుడు కూడా ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు పైకి ఉండేట్టు చూసుకోవాలి.

వరస ఇది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, పంపుతో ట్యాంకులోది వీలైనంత తీసేయండి. మూత పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి, దానంతటదే ఆగేదాకా నడవనివ్వండి. చివర్లో తడబడుతుంటే చోక్ వేస్తే ఇంకొంచెం పీల్చుకుంటుంది. చాలామంది ఇక్కడితో వదిలేస్తారు. కానీ గిన్నెలో జెట్ మూతి కన్నా కింద ఉన్న పెట్రోలు ఇంజిన్‌కు అందదు, అడుగున మిగిలే ఉంటుంది. ఇంజిన్ మళ్లీ చల్లారనిచ్చి, గిన్నె కింద గుడ్డ పెట్టి, డ్రెయిన్ బోల్టు వదులు చేసి ఆ కాస్తా దించేయండి. కొన్నింటికి ప్రత్యేకంగా డ్రెయిన్ బోల్టు ఉండదు. గిన్నెను పట్టి ఉంచే బోల్టునే విప్పాలి. ఆ బోల్టు పక్కన చిన్న రంధ్రం కనిపిస్తే అదే మెయిన్ జెట్ అయి ఉండవచ్చు. దాన్ని ఇనుప తీగతో పొడవకండి. రంధ్రం కొలత మారితే ఇంజిన్ నడక మారిపోతుంది.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పొగలా పైకి పోదు. నేలబారుగా పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. సున్నాకు 40 డిగ్రీలు కింద కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. అందుకని గ్యాస్ గీజరు, పొయ్యి, వెల్డింగ్ ఉన్న చోట ఈ పని పెట్టుకోకూడదు. యంత్రాన్ని అక్కడ దాచనూ కూడదు.

రంపంపొట్టు

మూవర్ సంగతి తేలింది కదా, ఇక రెండు స్ట్రోకుల వాటికి వద్దాం. బ్రష్ కట్టర్, చైన్‌సా కార్బురేటర్లలో గిన్నె గానీ ఫ్లోట్ గానీ ఉండవు. వాటి స్థానంలో పల్చటి పొర, డయాఫ్రమ్, ఉంటుంది. అందుకే యంత్రాన్ని తలకిందులుగా పట్టుకున్నా నడుస్తుంది. పాత మిశ్రమం అందులో ఎండితే పొర గట్టిపడుతుంది, లేదా పక్క పొరకు అంటుకుపోతుంది. ఖాళీ చేస్తే పొర ఎండి పెళుసెక్కుతుందనేవాళ్లూ ఉన్నారు. కానీ నేను చూసిన పుస్తకాలు ట్యాంకు ఖాళీ చేసి ఇంజిన్ ఆగేదాకా నడపమనే చెబుతున్నాయి, కారణం పొరలు అంటుకోకుండా ఉండటమే. ప్రైమర్ బల్బు (పెట్రోలు లాగడానికి వేలితో నొక్కే రబ్బరు బుడగ) ఉంటే ట్యాంకు ఖాళీ అయ్యాక దాన్ని కొన్నిసార్లు నొక్కి గొట్టాల్లో మిగిలినదాన్ని కూడా ట్యాంకులోకి రప్పించి తీసేయండి. ఆ తర్వాతే ఇంజిన్‌ను దానంతటదే ఆగేదాకా నడపండి.

నేనైతే ఇంకో దారి పట్టాను. సీజన్ చివరి ట్యాంకు ఆల్కైలేట్ పెట్రోలుతో నింపుతాను. ఇందులో ఇథనాల్ ఉండదు, జిగురుగా మారే ఓలెఫిన్లు దాదాపు ఉండవు. డబ్బా సీలు తీయకపోతే ఏళ్ల తరబడి నిలుస్తుంది. మామూలు పెట్రోలు కన్నా చాలా ఖరీదు, ఒప్పుకుంటాను. ఏడాది పొడవునా అదే వాడాలంటే జేబుకు భారమే. చివరి ట్యాంకుకు మాత్రం వాడితే పెద్దగా తెలియదు. రెండు స్ట్రోకుల వాటికి ఆయిల్ ముందే కలిపినది కూడా దొరుకుతుంది.

మామూలు పెట్రోలులో ఆయిల్ మీరే కలుపుకుంటే, తయారుచేసిన మిశ్రమాన్ని కూడా నెలకు మించి ఉంచకండి. అవసరమైనంతే కలపండి. 50:1 అంటే లీటరుకు 20 మి.లీ., 40:1 అంటే 25 మి.లీ., 25:1 అంటే 40 మి.లీ. కొలత గిన్నె వాడండి. మూతతో కొలవడం, రంగు చూసి సరిపెట్టడం వద్దు.

చైన్‌సాకు మరో రెండు పనులు. గొలుసు తిరిగే పొడవాటి పలకను, అంటే బార్‌ను, విప్పి, దాని గాడిలో పేరుకున్న రంపంపొట్టును సన్నటి రేకుతో గీకేయండి. నూనెతో ముద్దయిన ఆ పొట్టు నెలల తరబడి తడిని పట్టి ఉంచుతుంది. గొలుసును పలచగా నూనె పట్టించి విడిగా పెట్టండి, బిగించి ఉంచకండి. చైన్ ఆయిల్ ట్యాంకు కూడా ఖాళీ చేస్తే మంచిది. చాలా రంపాలు ఊరికే పడి ఉన్నా కింద మడుగు కడతాయి.

కొత్తతోట

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంత తతంగం లేకుండా నెలకోసారి ఇంజిన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడిపితే సరిపోదా?

నూనెచుక్క

సరిపోదు. మంచికి పోతే చెడు ఎదురయ్యే వ్యవహారం అది. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ ఆవిరి బయటికి పోకుండా సైలెన్సర్‌లో, ఆయిల్‌లో నీరై మిగులుతుంది. ఐదేసి నిమిషాల చొప్పున నెలనెలా నడపడమంటే నెలనెలా కాస్త నీరు పోసినట్టే. జనరేటర్‌ను మాత్రం నెలకోసారి నడపడం మంచిదే, కానీ అరగంట, అదీ లోడ్ పెట్టి, అంటే ఏవైనా పరికరాలు తగిలించి. కాయిల్ కూడా ఆరుతుంది, అవసరం వచ్చినప్పుడు పనిచేస్తుందో లేదో కూడా తెలుస్తుంది.

ఏది నడిపినా ఆరుబయటే. షెడ్డు తలుపు తెరిచి ఉంచాం కదా అనుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

ఇక ఇంజిన్ ఆయిల్. నాలుగు స్ట్రోకుల వాటికి ఆయిల్‌ను సీజన్ మొదట్లో మారుస్తారు చాలామంది, కొత్త సీజన్‌కు కొత్త ఆయిల్ అని. తిరగేసి చేయాలి. వాడిన ఆయిల్‌లో దహనంలో పుట్టిన ఆమ్లాలు, తేమ, మసి ఉంటాయి. నెలల తరబడి బేరింగుల మీద ఊరేది ఆ ఆయిల్ కాకూడదు. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే మడ్డి కూడా కలిసి వచ్చేస్తుంది. పెట్రోలు అయిపోయేదాకా నడుపుతున్నారు కదా, ఆ వెంటనే ఆయిల్ పని పెట్టుకోండి. మూవర్లకు సాధారణంగా అర లీటరుకు కాస్త అటూఇటూ పడుతుంది, పుస్తకంలో చెప్పిన గ్రేడే పోసి డిప్‌స్టిక్‌తో సరిచూసుకోండి.

తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలోంచి ఒక చెంచా, అంటే 5 మి.లీ. వరకు, శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోయండి. రంధ్రం మీద గుడ్డ కప్పి తాడును నెమ్మదిగా రెండు మూడుసార్లు లాగండి. ఆయిల్ సిలిండర్ గోడలంతా పరుచుకుంటుంది. ప్లగ్ తిరిగి బిగించి, తాడును మళ్లీ మెల్లగా లాగుతూ గట్టిగా అడ్డుపడ్డ చోట ఆపేయండి. అక్కడ పిస్టన్ కంప్రెషన్‌లో ఉంటుంది, రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. బయటి తేమ సిలిండర్‌లోకి రావడానికి దారి ఉండదు. ఈ ఒక్క పని చేసి పెట్టిన ఇంజిన్‌కూ చేయనిదానికీ ఉన్న తేడా కొన్నేళ్ల తర్వాత సిలిండర్ విప్పితే తెలుస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు తెల్లటి పొగ వస్తుంది. కంగారు పడకండి, లోపల పోసిన ఆయిల్ కాలి పోతోందంతే.

పచ్చిక

నూనెచుక్క గారూ, కంప్రెషన్ దగ్గర ఆపడమనే సంగతి ఇదే మొదటిసారి వినడం. మూవర్ అడుగుభాగంలో గడ్డి గట్టిగా అట్టకట్టి ఉంది. నీళ్లు జల్లుగా కొట్టి కడిగేద్దామా?

పానా

అడుగు కడగవచ్చు. ప్రెషర్‌తో నీళ్లు కొట్టే యంత్రం మాత్రం ఇంజిన్ వైపు తిప్పకండి. సీళ్లు దాటి బేరింగుల్లోకి నీరు పోతుంది. పచ్చి గడ్డి తడిని పట్టి ఉంచుతుంది, దాని రసం ఆమ్లగుణం గలది, డెక్ రేకు అక్కడే తినుకుపోతుంది. చెక్క లేదా ప్లాస్టిక్ గరిటెతో పొడిగా గీకితే చాలావరకు ఊడివస్తుంది. ఆరాక సన్నగా నూనె పూయండి. చేయి కింద పెట్టేముందు ప్లగ్ వైరు తీసి దూరంగా మడిచిపెట్టడం మరవకండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు బ్లేడును చేత్తో తిప్పితే ఒక్కోసారి అంటుకుంటుంది.

బ్లేడు ఎలాగూ విప్పుతారు కాబట్టి పదును పెట్టించండి. మధ్య రంధ్రంలో మేకు దూర్చి వేలాడదీస్తే ఏ వైపు వాలితే ఆ వైపు బరువు ఎక్కువ. ఆ వైపే మరికాస్త అరగదీయాలి. తూకం తప్పిన బ్లేడు ఊపు క్రాంక్ షాఫ్ట్ మీద పడుతుంది.

తాడు చుట్టుకునే కవరు కింద ఉండే చల్లదనపు రెక్కల మధ్య గడ్డి పొట్టు కూడా తీసేయండి. షెడ్డులో పెట్టిన ఇంజిన్ అంటే ఎలుకలకు మహా ఇష్టం. సరిగ్గా ఆ కవరు కిందే గూడు కడతాయి. చూసుకోకుండా స్టార్ట్ చేస్తే గాలి ఆడక ఇంజిన్ మాడుతుంది. సైలెన్సర్ నోటికి, గాలి వచ్చే సందులకు సన్నటి ఇనుప జల్లెడ అడ్డుపెట్టండి, స్టార్ట్ చేసేముందు తీయడం గుర్తుండేలా హ్యాండిల్‌కు చీటీ కట్టండి. పైన కప్పడానికి గుడ్డ వాడండి. ప్లాస్టిక్ పరదా కప్పితే లోపల చెమటపడుతుంది.

ఎయిర్ ఫిల్టర్ స్పాంజి రకమైతే సబ్బు నీళ్లతో ఉతికి, పూర్తిగా ఆరాక కాస్త ఆయిల్ పట్టించి పిండి పెట్టండి. కాగితపుదైతే నెమ్మదిగా తట్టడమే, పోకపోతే మార్చడమే. కాగితానికి ఆయిల్ తగలకూడదు.

కొత్తతోట

నా ట్రాక్టర్ మూవర్‌కు బ్యాటరీ ఉంది. దాన్ని సిమెంటు నేల మీద పెడితే డిశ్చార్జి అవుతుందట కదా?

నిదానం

అది పాతకాలపు మాట. చెక్క, రబ్బరు పెట్టెల్లో బ్యాటరీలు వచ్చిన రోజుల్లో అందులో నిజం ఉండేది. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెకు సిమెంటైనా చెక్కబల్లైనా తేడా లేదు. బ్యాటరీ ఎక్కడ పెట్టినా తనంతట తానే కొంచెం కొంచెంగా దిగుతుంది, వేడిగా ఉన్న చోట ఇంకా తొందరగా దిగుతుంది. దాంతో నేల మీద నింద.

లెడ్ యాసిడ్ బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి, ముందు నెగెటివ్ తీగ, తర్వాత పాజిటివ్ తీగ విప్పి చల్లటి చోట పెట్టండి. విశ్రాంతిలో 12.6 వోల్టులు ఆ పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4కు దిగితే మళ్లీ ఛార్జ్ చేయండి. నెలలపాటు సగం ఛార్జితో వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత శక్తి రాదు. చలి ఎక్కువ ఉండే చోట్ల ఇంకో ముప్పు: దిగిపోయిన బ్యాటరీ గడ్డకట్టి పగులుతుంది, నిండుగా ఉన్నది పగలదు.

గడ్డిపరక

సరే, నోటితో పీల్చడం మానేశాం. తీసిన పెట్రోలు ఏం చేయాలో కూడా చెప్పండి. గట్టు మీద కలుపు మొక్కలకు పోస్తే మాడిపోతాయి కదా?

రసాయనశాల

మొక్కలు మాడతాయి, మట్టి కూడా పాడవుతుంది. ఇంకిన పెట్రోలు కిందికి దిగి భూగర్భ జలాన్ని చేరితే బెంజీన్ లాంటి విషాలు ఆ నీటిలో కలుస్తాయి. కాలువలోనూ పోయకూడదు. మూసిన గొట్టాల్లో ఆవిరి పోగైతే పేలుడు సామగ్రి సిద్ధం చేసినట్టే.

పానా

నెలా రెండు నెలల వయసుదై, రంగు వాసన మారకుండా, ఆయిల్ కలపనిదైతే కారు ట్యాంకు దాదాపు నిండుగా ఉన్నప్పుడు ఆ లీటరూ అందులో పోసేయవచ్చు. అంత పెట్రోలులో ఈ కాస్త లెక్కలోకి రాదు. రెండు స్ట్రోకుల మిశ్రమం మాత్రం కారులో వద్దు, ఆ ఆయిల్ పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌కు మంచిది కాదు. ఎర్రబడినదాన్ని, వార్నిష్ వాసన వేసేదాన్ని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికే ఇవ్వాలి.

దాచుకునే పెట్రోలైతే ఇంధనం కోసమే తయారైన క్యానులో పోసి, వ్యాకోచానికి పైన కాస్త ఖాళీ వదలండి. నింపేటప్పుడు క్యాను నేల మీద ఉండాలి. వాహనం డిక్కీలో ప్లాస్టిక్ పరుపు మీద పెట్టి నింపితే స్థిర విద్యుత్తు రవ్వ పుట్టవచ్చు. కొన్న తేదీ పైన రాయండి. తాగునీటి సీసాలో పోసి పెట్టేవాళ్ల గురించి ఏం చెప్పను, పిల్లలున్న ఇళ్లలో అది హత్యాయత్నం.

కొత్తతోట

బ్రష్ కట్టర్ నైలాన్ తీగ పాతబడితే తగిలిన ప్రతిచోటా పటపటా తెగిపోతోంది. అది కూడా కొత్తది కొనాలా?

రంపంపొట్టు

కొనేముందు చుట్ట మొత్తాన్ని ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి చూడండి. నైలాన్ తనలో కొంత తేమను పట్టి ఉంచుకునే పదార్థం. నెలల తరబడి పొడిగా ఉంటే ఆ తేమ పోయి పెళుసవుతుంది, నానితే సాగే గుణం తిరిగి వస్తుంది. ఎండకు పాడైన తీగ మాత్రం నానబెట్టినా బాగుపడదు. పెట్రోలు యంత్రాల చర్చ మొత్తంలో నీళ్లు పోయమని చెప్పే అవకాశం నాకొక్కడికే దక్కింది!

పచ్చిక

ఈ రోజు మూవర్ పని ముగించాను. ట్యాంకు ఖాళీ చేసి, ఆగేదాకా నడిపాక కూడా గిన్నె కింది బోల్టు వదులు చేస్తే గుడ్డ బాగా తడిసింది. అక్కడిదాకా చేయకపోతే ఆ పెట్రోలంతా లోపలే ఉండేది. గిన్నె అడుగున మీరు చెప్పిన గోధుమరంగు పొర లేదు కానీ ఇసుక రవ్వల్లాంటివి రెండు మూడు కనిపించాయి, తుడిచేశాను. ఆయిల్ మార్చి, సిలిండర్‌లో చెంచా ఆయిల్ పోసి, కంప్రెషన్ దగ్గర ఆపి పెట్టాను.

ఒక సందేహం. బోల్టు తీసినప్పుడు దాని కింది ఫైబర్ వాషర్ చీలిపోయి వచ్చింది. ఇప్పుడు ట్యాంకులో పెట్రోలు లేదు కాబట్టి సీజన్ మొదట్లో చూసుకోవచ్చా?

పానా

ఇప్పుడే కొత్తది వేసి పెట్టండి. సీజన్ మొదటి రోజు గడ్డి మోకాలిదాకా ఉంటుంది, ఎవరికీ వాషర్ గుర్తుండదు. బోల్టు మరీ బిగించకండి, గిన్నె పల్చటి రేకు, వంగితే కారడం ఆగదు. ఆ రవ్వలు ట్యాంకులోంచి వచ్చి ఉంటాయి. గొట్టంలో ఫిల్టర్ ఉందో లేదో చూడండి, లేకపోతే వేయించుకోండి. గొట్టాన్ని వేళ్లతో మడిచి చూడండి, మడతలో సన్నటి పగుళ్లు కనిపిస్తే దాన్నీ మార్చాలి.

మళ్లీ వాడేటప్పుడు తాజా పెట్రోలు పోసి, గిన్నె నిండటానికి రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాతే తాడు లాగండి. కింద ఒక అట్టముక్క పరచి పెట్టండి. బోల్టు దగ్గర తడిస్తే వాషర్. గిన్నె పైనుంచి పొంగి ఎయిర్ ఫిల్టర్ వైపు కారితే, గిన్నె నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ అంటుకుంది. గిన్నె పక్కన స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే చాలాసార్లు వదులుతుంది.

నిదానం

అందుకే నిండు ట్యాంకు అన్నాను, నీడిల్ ఎండి అంటుకునే ప్రసక్తే ఉండదు.

పానా

మీ స్టెబిలైజర్ సీసా తెరిచి ఎన్నాళ్లయిందో ఓసారి చూసుకోండి నిదానం గారూ. తెరిచాక దానికీ గడువుంటుంది.